లా పట్టమునకు రెండు బాటలు

ఇంటర్మీడియట్ పరీక్షా ఫలితములు వెలువడిన దినములలో గ్రామ సచివాలయము చెంతకు తల్లిదండ్రులు వచ్చి అడుగు ప్రశ్నలలో ఒకటి నానాటికి హెచ్చుగా వినవచ్చుచున్నది. "మా పాప లా చదువుతానంటాంది సార్. ఇప్పుడే చేర్చల్లా, డిగ్రీ అయినాక చేర్చల్లా?" అని వీరపునాయునిపల్లె ప్రాంతపు రైతు అడిగినప్పుడు, ప్రక్కనున్న పంచాయతీ సభ్యుని ముఖము చూచును. పట్టణములో చదివినవారు, నలుగురితో పరిచయము గలవారు అను నమ్మకముతో గ్రామస్థులు ఇట్టి విషయములలో సభ్యుల సలహా కోరుట సహజము. ఆ సలహాపై ఒక కుటుంబము యొక్క ఐదారు సంవత్సరముల కాలము, చీనీతోట మీదనో బుడ్డశనగ పంట మీదనో వచ్చిన కష్టార్జితము ఆధారపడి యుండును. కావున న్యాయవాద విద్యకుగల రెండు మార్గములను గూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములను ఈ వ్యాసమున వివరింపబడుచున్నవి.

గ్రామమునకు న్యాయవాదితో గల పని

గ్రామమునందు పుట్టి పెరిగిన న్యాయవాది వలన ప్రయోజనమేమి అని కొందరు అడుగవచ్చును. కోర్టు కెక్కు తగాదాలలో పెక్కింటికి మూలము భూమి. అడంగలులో పేరు ఒకరిది, అనుభవము మరియొకరిది. పట్టాదారు పాసుపుస్తకములో విస్తీర్ణము ఒక విధము, క్షేత్రముమీద గట్టు మరియొక విధము. అన్నదమ్ముల భాగపరిష్కారము నోటిమాటగా జరిగి, రిజిష్టరు దస్తావేజు లేకపోవుట. ఈ చిక్కులను బాల్యమునుండి కన్నులార చూచిన యువకుడు లేక యువతి న్యాయవాదియైనచో, కక్షిదారుడు చెప్పు మాటలోని సగము సంగతి చెప్పకమునుపే గ్రహింపగలడు. కమలాపురము, ప్రొద్దుటూరు, పులివెందుల, జమ్మలమడుగులలోని కోర్టులకు పోవు మన రైతులకు అట్టివారి అవసరము ఎంతయో కలదు.

మరియొక ఉదాహరణము చూడుడు. గాలేరు-నగరి సుజల స్రవంతి పథకములోని సర్వరాయసాగరము ఈ మండలమునందే నిర్మింపబడినది. జలాశయములకు, కాలువలకు, రహదారులకు భూములు సేకరింపబడు ప్రాంతములలో నష్టపరిహారము చాలదని తోచిన రైతు, అవార్డు ప్రకటింపబడినప్పుడు తాను హాజరై యున్నచో, ఆరు వారములలోపల కలెక్టరునకు దరఖాస్తు పెట్టుకొనవలెను. 1894 నాటి భూసేకరణ చట్టములోను ఇదే గడువు. దాని స్థానమున వచ్చిన 2013 చట్టములోను ఇదే గడువు. ఈ ఒక్క సంగతి వేళకు చెప్పువారు లేక హక్కును పోగొట్టుకొనుటకు అవకాశము కలదు. చట్టము తెలిసిన వ్యక్తి ఊరిలో ఒక్కరున్నను ఇట్టి నష్టము తప్పును. లా చదువు గోరు బిడ్డకు సరియైన దారి చూపుట గ్రామమునకు కూడ మేలు.

పూర్వపు స్థితి

ఒకప్పుడు న్యాయవాదులలో పలు తరగతు లుండెడివి. ప్లీడర్లు, వకీళ్లు, బారిష్టర్లు అను భేదములు పాటింపబడెడివి. ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుగారు మొదట సెకండు గ్రేడు ప్లీడరుగా రాజమహేంద్రవరమున వృత్తి నారంభించిరి. ఆ తరగతివారికి హైకోర్టులో వాదించు హక్కు లేదు. అందువలన వారు 1904లో ఇంగ్లండు వెళ్లి, బారిష్టరు పరీక్ష నిచ్చి 1907లో తిరిగివచ్చి, చెన్నపట్టణపు హైకోర్టులో ప్రాక్టీసు చేసిరి. చదివిన దారిని బట్టి హక్కులు మారిన కాలమది.

1961 నాటి అడ్వకేట్ల చట్టము ఈ పద్ధతికి స్వస్తి చెప్పినది. క్రొత్తగా వృత్తిలో చేరువారికందరికిని "అడ్వకేటు" అను ఒకే తరగతి ఏర్పడినది. ఏ మార్గమున లా పట్టము పొందినను, రాష్ట్ర బార్ కౌన్సిలులో పేరు నమోదు చేయించుకొని, నియమిత పరీక్షలో ఉత్తీర్ణులైన పిమ్మట, మునసబు కోర్టు నుండి సుప్రీంకోర్టు వరకు నిలిచి వాదించు హక్కు సమానమే. ఐదేండ్ల చదువు పెద్దది, మూడేండ్ల చదువు చిన్నది అను అపోహ కొందరికి కలదు. అది సరి కాదు. పంచాయతీ సభ్యులు అడిగినవారికి మొట్టమొదట చెప్పవలసిన మాట ఇదియే.

పూర్వము మన ప్రాంతమువారికి ఉన్నది ఒకే బాట: ముందు బి.ఏ., పిమ్మట బి.ఎల్. కర్నూలు సమీపమునగల పెదపాడులో నిరుపేద కుటుంబమున 1921లో జన్మించిన దామోదరం సంజీవయ్యగారు అనంతపురమున డిగ్రీ చదివి, తరువాత చెన్నపట్టణపు లా కళాశాలలో పట్టము పొంది, 1950లో అడ్వకేటుగా నమోదైరి. పదేండ్లు గడువకమునుపే, 1960 జనవరిలో, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి పదవి నలంకరించిరి. మన దేశమున దళితులలో ముఖ్యమంత్రియైన మొదటివారు ఆయనయే.

ఇంటర్మీడియట్ వంటి చదువు ముగియగనే లా చదువులో చేరు ఐదేండ్ల పద్ధతి 1980వ దశాబ్దమున బలపడినది. బెంగుళూరులోని నేషనల్ లా స్కూలు అందుకు మార్గదర్శి యైనది. హైదరాబాదున 1998లో నల్సార్ విశ్వవిద్యాలయము, విశాఖపట్టణమునకు 2008లో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము వచ్చినవి. సబ్బవరమునందున్న ఈ రెండవ విశ్వవిద్యాలయమునకు నేడు సంజీవయ్యగారి పేరే కలదు.

ఇతర దేశములలోను ఈ విషయమున ఏకాభిప్రాయము లేదు. అమెరికాలో ముందొక డిగ్రీ ముగించిన పిమ్మటనే మూడేండ్ల లా చదువు. ఇంగ్లండులో పాఠశాల చదువు ముగియగనే మూడేండ్ల లా డిగ్రీలో చేరవచ్చును. మన దేశమున రెండు ద్వారములును తెరచియున్నవి.

మొదటి బాట: ఐదేండ్ల కోర్సు

ఇంటర్మీడియట్ గాని దానికి సమానమైన పరీక్ష గాని ఉత్తీర్ణులైనవారు దీనిలో చేరవచ్చును. ఇంటర్మీడియట్‌లో చదివినది ఏ గ్రూపైనను అడ్డు లేదు. సాధారణ తరగతివారికి నూటికి 45, వెనుకబడిన తరగతులవారికి 42, షెడ్యూల్డు కులములు, తెగలవారికి 40 మార్కులు వచ్చియుండవలెను. బి.ఏ.ఎల్ఎల్.బి., బి.బి.ఏ.ఎల్ఎల్.బి. వంటి పేర్లతో ఈ కోర్సులు నడచుచున్నవి. రాజనీతి, చరిత్ర, అర్థశాస్త్రము, సమాజశాస్త్రము మొదలగు డిగ్రీ విషయములను, ఒప్పందముల చట్టము, రాజ్యాంగము, నేరముల చట్టము మొదలగు న్యాయ విషయములను ఒకే కళాశాలలో పది సెమిస్టరులలో బోధింతురు. విద్యార్థి 20 వారములు న్యాయవాదుల వద్దనో, న్యాయస్థానములలోనో, తత్సమానమైన చోట్లనో ప్రత్యక్ష శిక్షణ పొందవలెను.

ఈ దారిలో లాభము కాలము. డిగ్రీయు, లాయు వేరువేరుగా చదివినచో కనీసము ఆరేండ్లు పట్టును. ఇక్కడ ఐదేండ్లతో ముగియును. చిన్నవయసుననే వృత్తికి కావలసిన భాష, పఠనము, వాదపటిమ అలవడును.

అయితే ఒక కఠిన నియమమును తల్లిదండ్రులకు తప్పక చెప్పవలెను. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన న్యాయవిద్యా నియమముల ప్రకారము, ఈ ఐదేండ్ల కోర్సును మధ్యలో విరమించినవారికి బి.ఏ. పట్టము విడిగా ఇచ్చు వీలు లేదు. వేరొక డిగ్రీ యున్నదని చెప్పి మధ్య సంవత్సరములో చేరుటకును వీలు లేదు. అనగా మూడేండ్లు చదివి, ఇంటి యిబ్బందివలన మానుకొన్న విద్యార్థి చేతిలో ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ తప్ప మరేమియు మిగులదు. ఐదేండ్లు నిర్విఘ్నముగా సాగుట అనునదే ఈ బాటకు మూలధనము.

రెండవ బాట: డిగ్రీ పిమ్మట మూడేండ్లు

బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ., బి.టెక్., వ్యవసాయ డిగ్రీ, ఏదైనను సరే, అవే శాతముల మార్కులతో ఉత్తీర్ణులైనవారు మూడేండ్ల ఎల్ఎల్.బి.లో చేరవచ్చును. డిగ్రీ చివరి సంవత్సరము చదువుచున్నవారు కూడ ప్రవేశ పరీక్షకు కూర్చుండవచ్చును. ఇది ఆరు సెమిస్టరుల కోర్సు. ప్రత్యక్ష శిక్షణ 12 వారములు.

ఈ దారిలో ఒక సంవత్సరము అధికముగా పట్టును. నాలుగేండ్ల ఆనర్సు డిగ్రీ పూర్తిచేసి వచ్చువారికి రెండేండ్లు అధికమగును. అందులకు బదులుగా లభించునది ధైర్యము. మొదటి మూడేండ్లు ముగియగనే ఒక పట్టము చేతికి వచ్చును. దానితో గ్రూపు పరీక్షలకు, బ్యాంకు పరీక్షలకు దరఖాస్తు పెట్టవచ్చును, బి.ఇడి. చదువవచ్చును, లాలో చేరవచ్చును. లా మధ్యలో ఆగినను డిగ్రీ ఎచ్చటికిని పోదు. అంతియే గాక, పదునెనిమిదేండ్ల వయసున తోచని సంగతులు ఇరువది యొకటవ యేట తోచును. తనకు నిజముగా ఈ వృత్తిపై మక్కువ కలదా, లేక నల్లకోటు చూచి ముచ్చటపడితినా అని విద్యార్థి తన్ను తాను పరీక్షించుకొనుటకు వ్యవధి దొరకును.

డిగ్రీ కళాశాలలు ప్రొద్దుటూరు, పులివెందుల, కడపలలో నున్నవి. పెక్కుమంది విద్యార్థులు ఇంటనుండి బస్సుపై పోయివచ్చుచు డిగ్రీ పూర్తి చేయుదురు. లా కళాశాలలు అన్ని పట్టణములలో లేవు. కావున ఐదేండ్లు హాస్టలు ఖర్చు భరించుటయా, మూడేండ్లే భరించుటయా అను లెక్క కూడ ఇందులో నిమిడియున్నది.

ప్రవేశ పరీక్ష

మన రాష్ట్రమున రెండు కోర్సులకును ప్రవేశము లాసెట్ అను పరీక్ష ద్వారా జరుగును. రాష్ట్ర ఉన్నత విద్యామండలి పక్షమున ఒక విశ్వవిద్యాలయము దీనిని నిర్వహించును. ఐదేండ్ల కోర్సునకు, మూడేండ్ల కోర్సునకు ర్యాంకులు వేరువేరుగా నుండును. ప్రశ్నలు 120, మార్కులు 120, కాలము గంటన్నర. సాధారణ జ్ఞానము, బుద్ధికుశలత లపై 30. వర్తమాన విషయములపై 30. న్యాయవిద్యకు కావలసిన అభిరుచిపై 60 ప్రశ్నలుండును. తప్పు సమాధానమునకు మార్కులు తగ్గింపరు. అర్హతకు నూటికి 35, అనగా 42 మార్కులు రావలెను. షెడ్యూల్డు కులములు, తెగలవారికి కనీస మార్కుల నిబంధన లేదు. ప్రశ్నపత్రము తెలుగులోను ఇంగ్లీషులోను ఉండును. దినపత్రికను శ్రద్ధతో చదువు అలవాటు, రాజ్యాంగముపై ప్రాథమిక జ్ఞానము గల గ్రామీణ విద్యార్థికి ఇది అందని పండు కాదు.

సీట్లలో నూటికి 85 స్థానిక అభ్యర్థులకు కేటాయింపబడును. కడప జిల్లావారు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతమునకు స్థానికులు. స్త్రీలకు మూడవవంతు సీట్లు ప్రత్యేకింపబడినవి.

జాతీయ న్యాయ విశ్వవిద్యాలయములలో పెక్కింటియందు ఐదేండ్ల కోర్సునకు ప్రవేశము క్లాట్ అను అఖిల భారత పరీక్ష ద్వారా జరుగును. అది పూర్తిగా ఇంగ్లీషులో నుండును. పొడవైన పేరాలు చదివి రెండు గంటలలో 120 ప్రశ్నలకు సమాధానము లీయవలెను. తప్పు సమాధానమునకు పావు మార్కు తగ్గును. అచ్చటి ఫీజులు హెచ్చు. అయినను పెద్ద సంస్థలలో ఉద్యోగములు దొరకు అవకాశములును హెచ్చు. ఇంగ్లీషులో బాగుగా పట్టుగల విద్యార్థి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరమునందే దీనికి సిద్ధపడుట మంచిది.

ఇద్దరు విద్యార్థుల సంగతి

పై విషయములను ఒక కల్పిత ఉదాహరణముతో పరిశీలింతము. అనిమెల గ్రామమున ఇద్దరు విద్యార్థులు ఇంటర్మీడియట్ ఒకేమారు ముగించిరనుకొందము.

మొదటి విద్యార్థిని తండ్రి ఉపాధ్యాయుడు. నెలజీతము కలదు. ఆమె పదవ తరగతి నుండియే లా చదువవలెనని పట్టుదలతో నున్నది. వక్తృత్వ పోటీలలో బహుమతులు పొందినది. ఐదేండ్లలోపల వివాహప్రసక్తి తేబోమని తల్లిదండ్రులు మాట యిచ్చిరి. ఈమెకు ఐదేండ్ల కోర్సు సర్వవిధముల అనువైనది. ఒక సంవత్సరము కలిసివచ్చును.

రెండవ విద్యార్థి తండ్రికి నాలుగెకరముల మెట్ట కలదు. బోరులో నీరున్న యేడు పంట, లేని యేడు అప్పు. పిల్లవానికి లాపై ఆసక్తి కలదుగాని పోలీసు ఉద్యోగముపైనను మనసున్నది. వీనికి ప్రొద్దుటూరులో డిగ్రీ చదివించి, మూడవ సంవత్సరమున లాసెట్ వ్రాయించుట క్షేమము. నడుమ ఒక యేడు కరవు వచ్చినను, చదివిన చదువు వృథా కాదు. సంజీవయ్యగారు నడచిన బాట కూడ డిగ్రీ పిమ్మటి బాటయే గదా!

ఇక మూడవ సంగతి. మొదటి విద్యార్థినికి తల్లిదండ్రులు ఆ మాట ఈయలేదనుకొందము. మంచి సంబంధము వచ్చినచో మూడవ యేట వివాహము చేయుదుమను ఆలోచన వారికి కలదు. అప్పుడు ఐదేండ్ల కోర్సులో చేర్చుట ఆ బాలికకు అన్యాయము చేయుటయే. మూడేండ్లు చదివియు పట్టము లేని స్థితి ఆమెకు కలుగును. ఇట్టి ఇంటిలో పంచాయతీ సభ్యులు, ముఖ్యముగా మహిళా సభ్యులు, రెండు మాటలు చెప్పవలెను. మొదటిది: బిడ్డ చదువు ముగియువరకు వివాహము ఆపుడు. రెండవది: ఆ మాట ఈయలేనిచో ముందు డిగ్రీ చేతికి రానిండు.

ఈ ఉదాహరణములవలన తేలు సారాంశ మేమనగా, రెండు బాటలలో ఏది గొప్ప అను ప్రశ్నకు అర్థము లేదు. ఐదేండ్లు ఆగక సాగు శక్తి ఆ యింటికి కలదా, బిడ్డ మనస్సు స్థిరపడినదా అను రెండు ప్రశ్నలకు జవాబు దొరకినచో బాట తానే తేలును. రెండింటికిని "ఔను" అయినచో ఐదేండ్లు. ఏ ఒక్కదానికి "కాదు" అయినను డిగ్రీ ముందు, లా పిమ్మట.

పట్టము వచ్చిన తరువాత

పట్టము చేతికి వచ్చినంతమాత్రమున న్యాయవాది కాజాలరు. రాష్ట్ర బార్ కౌన్సిలులో నమోదు కావలెను. 1961 చట్టము నిర్ణయించిన నమోదు రుసుము మొత్తము 750 రూపాయలు. షెడ్యూల్డు కులములు, తెగలవారికి 125 రూపాయలు. ఇంతకు మించి వసూలు చేయుటకు వీలులేదని సుప్రీంకోర్టు 2024 జూలై 30న తీర్పు చెప్పినది. ప్రభుత్వ స్టాంపు ఖర్చు దీనికి అదనము.

ఆ పిమ్మట ఆలిండియా బార్ పరీక్షలో ఉత్తీర్ణత పొందవలెను. 2010లో ప్రవేశపెట్టబడిన ఈ పరీక్ష చెల్లునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2023 ఫిబ్రవరిలో నిర్ణయించినది. దీనిని తెలుగులో కూడ వ్రాయవచ్చును.

న్యాయాధికారి పదవిని గోరువారు మరియొక సంగతి గుర్తుంచుకొనవలెను. జూనియర్ సివిల్ జడ్జి వంటి ప్రారంభ పదవులకు కనీసము మూడేండ్లు న్యాయవాదిగా పనిచేసి యుండవలెనని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పు చెప్పినది. ఆ లెక్కన ఇంటర్మీడియట్ పిమ్మట మొదటి బాటలో ఎనిమిదేండ్లు, రెండవ బాటలో తొమ్మిదేండ్లు పట్టును. దరఖాస్తు పెట్టునప్పుడు ఆయా నోటిఫికేషనులోని నిబంధనలను తప్పక చూచుకొనవలెను.

వృత్తిలో చేరిన తొలి సంవత్సరములలో ఆదాయము స్వల్పము. సీనియరు న్యాయవాది వద్ద ఫైళ్లు సిద్ధపరచుచు, వాయిదాలు వ్రాసికొనుచు, సాక్షులను విచారించు తీరు చూచుచు నేర్చుకొనవలెను. పైరు నాటిననాడే కోత కోయలేము గదా! ఈ కాలమున కూడ బిడ్డకు అండగా నిలువగల మేరకు కుటుంబము లెక్క చూచుకొనవలెను. ఇంటి ఖర్చును "ఐదేండ్లు" అనియో "ఆరేండ్లు" అనియో కాక, మరి రెండు మూడేండ్లు కలుపుకొని ఆలోచించుట యుక్తము.

కొన్ని హెచ్చరికలు

ఒకటి: లా డిగ్రీ దూరవిద్య ద్వారా చదువుటకు వీలు లేదు. ప్రతి విషయములోను నూటికి 70 హాజరు కావలెను. "కళాశాలకు రానక్కరలేదు, పరీక్షలకు వచ్చిన చాలును" అని చెప్పువారి మాట నమ్మి చేరినచో, పట్టము చెల్లుబాటునకే ముప్పు.

రెండు: ఇంటర్మీడియట్ చదువక, సార్వత్రిక విశ్వవిద్యాలయమున నేరుగా డిగ్రీ పొందినవారు మూడేండ్ల లా కోర్సునకు అర్హులు కారు. పది, ఇంటర్మీడియట్, డిగ్రీ అను క్రమము తప్పరాదు. ఆ క్రమమున చదివినవారి దూరవిద్యా డిగ్రీకి అభ్యంతరము లేదు.

మూడు: జీతముపై పూర్తికాలము ఉద్యోగము చేయువారు లా పట్టము పొందినను, ఆ యుద్యోగమున నున్నంతకాలము న్యాయవాద వృత్తి చేయరాదు.

నాలుగు: చేరబోవు కళాశాలకు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆమోదము కలదా, ఏ సంవత్సరము వరకు కలదు అని విచారింపవలెను. ఫీజు తిరిగి చెల్లింపు పథకము ఆ కోర్సునకు, ఆ కళాశాలకు వర్తించునా అనునది చేరకమునుపే అడుగవలెను. చేరిన పిమ్మట కాదు.

ఐదు: నేరములకు సంబంధించిన మూడు క్రొత్త చట్టములు 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినవి. పాత విద్యార్థుల పుస్తకములు తక్కువ ధరకు దొరకినను, ఆ విషయములలో క్రొత్త పుస్తకములే కొనవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

లాసెట్ ప్రకటన వెలువడినప్పుడు గ్రామ సచివాలయపు నోటీసు బోర్డుపై దానిని తెలుగులో వ్రాయించి అంటింపవలెను. కడపటి తేదీని పెద్ద అక్షరములతో వ్రాయవలెను. కులము, ఆదాయము, స్థానికత ధ్రువపత్రములు వేళకు చేతికందక సీటు పోగొట్టుకొనుట శోచనీయము. వేసవిలోనే వాటిని తీసికొనునట్లు విద్యార్థులను ప్రోత్సహింపవలెను. గ్రామము నుండి వచ్చి ప్రొద్దుటూరులోనో, కడపలోనో వృత్తి చేయుచున్న న్యాయవాదులున్నచో, సెలవుదినమున ఒకమారు వారిని పిలిపించి పిల్లలతో మాట్లాడించుట ఎంతయో ఉపయోగకరము. కోర్టు హాలును ఎన్నడు చూడని బాలునికి ఒక వాయిదా దినమున కోర్టు చూపించినను మేలే. పుస్తకములో లేని పాఠమది.

లా చదువు విద్యార్థులు సెలవులలో ఊరికి వచ్చినప్పుడు, ఉచిత న్యాయసహాయమును గూర్చి గ్రామసభలో చెప్పింపవచ్చును. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలు, బాలలు, షెడ్యూల్డు కులములు, తెగలవారు, వికలాంగులు మొదలగువారు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయమునకు అర్హులు. 15100 అను సంఖ్యకు ఫోను చేసినచో మార్గము తెలుపుదురు. ఈ సంగతి తెలియక అప్పు చేసి కోర్టు కెక్కువారు ఎందరో కలరు.

సభ్యులారా! రేపు ఒక తండ్రి మీ యింటి అరుగుమీద కూర్చుండి ఈ ప్రశ్న అడుగును. అప్పుడు వెంటనే "ఐదేండ్లు మేలు" అనిగాని "డిగ్రీ మేలు" అనిగాని చెప్పక, ముందు ఆ బిడ్డను పిలిపించి మాట్లాడింపుడు. ఇంటి రాబడి అడుగుడు. మధ్యలో ఆగవలసివచ్చినచో చేతిలో ఏమి మిగులునో వివరింపుడు. పిదప నిర్ణయము ఆ తల్లిదండ్రులకును, ఆ బిడ్డకును విడువుడు. ఏ బాటన నడచినను చివరకు నిలుచునది ఒకే న్యాయస్థానము ముందు. పాపఘ్ని ఒడ్డునుండి బయలుదేరిన మన పిల్లలు, పట్టము లేక నడుదారిలో నిలిచిపోక, అచ్చటికి చేరునట్లు చూచుట మనందరి బాధ్యత.